వాలెట్టా చూడటం ఎలా? ముందు అవతలి ఒడ్డుకు వెళ్ళండి

సిసిలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న ద్వీప దేశం మాల్టా. దాని రాజధాని వాలెట్టా ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు పైచిలుకు, అంతే. అందుకే క్రూయిజ్ ఓడల్లో వచ్చినవాళ్ళు మెయిన్ రోడ్డు, చర్చి చూసి, ఒక ఐస్‌క్రీమ్ తిని, సాయంత్రానికల్లా ఓడెక్కేస్తారు. నన్నడిగితే ఈ ఊరికి కనీసం రెండు రాత్రులు కేటాయించాలి. దిగగానే వీధుల్లో పడి తిరగడం కూడా వద్దు. ఇది కోటగా కట్టిన నగరం. నీటి అవతల నుంచి ఒకసారి చూస్తే ఎందుకిలా కట్టారో అర్థమవుతుంది.

1. బయలుదేరే ముందు

మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇస్తే చాలని నిబంధనలో ఉంది కదా అని అప్పటిదాకా ఆగితే మిగిలేది టెన్షనే. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇటలీ కూడా కలుపుకుంటే, ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి. సిసిలీలోని పొజ్జాల్లో నుంచి వాలెట్టాకు ఫాస్ట్ ఫెర్రీలో రెండు గంటల లోపే చేరతారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దారిలో మారాల్సిందే.

ఏప్రిల్, మే, అక్టోబర్ మంచి నెలలు. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మనకేమిటి అని జూలై, ఆగస్టుల్లో వెళ్ళకండి. నీడ తక్కువ, ఎక్కుడు దిగుడు ఎక్కువ.

ఒక ముఖ్యమైన బుకింగ్ ఉంది. వాలెట్టాకు దగ్గర్లోని పావోలాలో హాల్ సఫ్లీని హైపోజియం అనే భూగర్భ సమాధుల సముదాయం ఉంది. వేల ఏళ్ళ కిందట రాతిని తొలిచి చేసినది. ఒక్కో విడతకు పదిమందినే లోపలికి పంపుతారు. విమానం టికెట్ కొన్న రోజే దీని టికెట్ కూడా చూసుకోండి. అక్కడికి వెళ్ళాక కొందాంలే అనుకుంటే దొరకడం కష్టం.

మాల్టా 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉంది. అందుకే ప్లగ్గులు ఇంగ్లండ్‌లో లాగా మూడు చదరపు పిన్నులవి, మన ఛార్జర్లకు అడాప్టర్ కావాలి. బండ్లు మాత్రం మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు తికమక ఉండదు. మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ కూడా అధికార భాషే.

2. ఊళ్ళోకి చేరడం

విమానాశ్రయం నుంచి ఎక్స్4 బస్సు వాలెట్టా సిటీ గేటు బయటి బస్టాండుకు తీసుకొస్తుంది. అక్కడ ట్రైటన్ ఫౌంటెన్ కనిపిస్తుంది. రూమ్ బుక్ చేసేటప్పుడే మెట్ల సంగతి అడగండి. చాలా వీధులు నిటారుగా ఉంటాయి, కొన్నయితే పూర్తిగా మెట్లే. పాత భవనాల్లో లిఫ్ట్ లేకపోవచ్చు. పెద్ద సూట్‌కేస్ ఈడ్చుకుంటూ వస్తే మొదటి గంటలోనే ఊరి మీద కోపం వస్తుంది.

3. సామాను పెట్టి, ఓడరేవు దాటండి

సిటీ గేటుకు దగ్గర్లోనే అప్పర్ బరాకా తోట ఉంది. తోట నుంచి బరాకా లిఫ్ట్‌లో దిగితే గ్రాండ్ హార్బర్ ఒడ్డు. అక్కడ ఫెర్రీ ఎక్కి అవతలి 'మూడు నగరాల'కు వెళ్ళండి. వాటి పేర్లు బిర్గు, సెంగ్లియా, బోర్మ్లా. కాస్త ఎక్కువ డబ్బు పెట్టగలిగితే 'దైసా' అనే రంగుల చిన్న పడవ మాట్లాడుకోండి. నీటికి దగ్గరగా కూర్చుని గోడలను చూస్తే వాటి ఎత్తు తెలుస్తుంది.

సెంగ్లియా కొసన గార్డ్‌యోలా తోటలో రాతి కాపలా గూడు ఒకటుంది. దాని గోడల మీద కన్ను, చెవి చెక్కారు. అక్కడ నిలబడి ఎదురుగా వాలెట్టాను చూడండి. 1565లో అక్కడ ఊరు లేదు, షిబెరాస్ అనే బోడికొండ ఉండేది. ఆ ఏడాది మే నుంచి సెప్టెంబర్ దాకా ఒట్టోమన్ తుర్కులు ముట్టడించినప్పుడు, అప్పట్లో మాల్టాను ఏలుతున్న క్రైస్తవ యోధులు, సెయింట్ జాన్ నైట్లు, మాల్టా ప్రజలతో కలిసి ఈ బిర్గు, సెంగ్లియాల్లోనే తలదాచుకుని పోరాడారు. కొండ కొసనున్న సెయింట్ ఎల్మో కోట జూన్ 23న శత్రువుల చేతికి చిక్కింది. ఆ కొండ మీద ఫిరంగులు నిలిపి తుర్కులు ఇటు కాల్చారు. చివరకు ముట్టడి విఫలమైంది.

ఆ కొండను ఇంకెప్పుడూ శత్రువుకు వదలకూడదని నైట్ల అధిపతి, గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ 1566లో దాని మీద నగరానికి శంకుస్థాపన చేశాడు. ఊరికి ఆయన పేరే పెట్టారు. నగరం పూర్తికాకుండానే 1568లో చనిపోయాడు. ప్లాన్ గీసింది ఇటలీ ఇంజినీరు లాపరెల్లి. నదులు లేని దేశం కాబట్టి ప్రతి ఇంటికీ వాన నీటి తొట్టి ఉండాలని అప్పుడే నియమం పెట్టారు.

వీలైతే మధ్యాహ్నం పన్నెండుకు ఇటువైపే ఉండండి. అప్పర్ బరాకా కింద ఫిరంగులు వరుసగా నిలిపిన సెల్యూటింగ్ బ్యాటరీలో పన్నెండుకు, మళ్ళీ నాలుగింటికి ఫిరంగి పేలుస్తారు. తోట కటకటాల దగ్గర తోసుకుంటూ నిలబడే కంటే ఇక్కడి నుంచి చూడటం హాయి: ముందు పొగ కనిపిస్తుంది, ఆ తర్వాత చప్పుడు వినిపిస్తుంది.

4. ఇక వీధులు

మర్నాడు పొద్దున్నే సెయింట్ జాన్స్ కో-కెథీడ్రల్‌కు వెళ్ళండి. ఆదివారాలు పర్యాటకులకు ప్రవేశం ఉండదు. భుజాలు కప్పుకోవాలి. సన్నని హీల్స్ వేసుకుంటే లోపలికి రానివ్వరు. కారణం నేలే: అంతా నైట్ల సమాధి ఫలకాలు, పొదిగిన రంగురంగుల పాలరాయి ముక్కలు, అస్థిపంజరాల బొమ్మలు. బయట ఏమీ లేనట్టున్న ఈ చర్చి లోపల బంగారం మయం.

ఎక్కువసేపు ఆగాల్సింది ప్రక్కనున్న ప్రార్థన మందిరంలో. అక్కడ 1608లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జియో వేసిన 'యోహాను శిరచ్ఛేదం' ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. సంతకం ఎక్కడుందో వెతకండి, కింద కారిన రక్తంలో ఉంటుంది. ఆ ఏడే ఆయనకు నైట్ హోదా ఇచ్చారు, ఆ ఏడే జైలు నుంచి పారిపోయాడని బహిష్కరించారు.

తర్వాత రిపబ్లిక్ స్ట్రీట్ వెంట సెయింట్ ఎల్మో వైపు దిగండి. దారి పొడవునా తల పైకెత్తి నడవండి. చెక్క బాల్కనీల అందం అక్కడే. కోటలోని యుద్ధ మ్యూజియంలో 1942లో బ్రిటన్ రాజు మాల్టాకు ఇచ్చిన జార్జ్ క్రాస్ పతకం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల కింద నలిగినందుకు దేశం మొత్తానికి ఇచ్చిన పతకమది. మనవాళ్ళ ప్రస్తావన కూడా ఒకటి చెప్పాలి. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిష్‌వాళ్ళు సుమారు ఏడు వేలమంది భారత సైనికులను ఈ ద్వీపానికే తెచ్చి దించారు.

5. తిండి

పాస్తిజ్జి తినండి. మన బేకరీ పఫ్ లాంటిదే, లోపల రికోట్టా చీజ్ గానీ బఠాణీ ముద్ద గానీ ఉంటుంది. పొరల్లో జంతువుల కొవ్వు కలిపే అలవాటు ఉంది కాబట్టి శుద్ధ శాకాహారులు అడిగి తీసుకోవాలి. కుందేలు మాంసం కూర వాళ్ళ పండగ వంటకం. కిన్నీ అనే చేదు నారింజ కూల్‌డ్రింక్ మొదటి గుక్కకు మందులా ఉంటుంది, నాకైతే రెండో గుక్కకూ అలాగే అనిపించింది.

6. సాయంత్రం, రెండో రేవు

వాలెట్టాకు రెండు వైపులా రేవులున్నాయి. మార్సమ్‌షెట్ వైపు నుంచి ఫెర్రీలో స్లీమాకు దాటితే కార్మలైట్ చర్చి గుమ్మటం, పక్కనే ఆంగ్లికన్ చర్చి శిఖరం ఒకే వరుసలో కనిపిస్తాయి. సూర్యాస్తమయానికి గంట ముందు చేరుకోండి. చివరి ఫెర్రీ టైమ్ కాలాన్ని బట్టి మారుతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు కూడా. ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోండి. తప్పిపోతే స్లీమా నుంచి వాలెట్టాకు బస్సులున్నాయి, చుట్టూ తిరిగి మళ్ళీ సిటీ గేటు దగ్గరే దింపుతాయి.