ఫిట్‌నెస్ నిపుణుడికి డబ్బు కట్టే ముందు

అనంతపురంలో జిమ్‌లో చేరుతున్నా, కడపలో కూర్చుని ఫోన్‌లో డైట్ చార్ట్ తెప్పించుకుంటున్నా ముందు ఇవి చూసుకోండి.

• పేరు ముందు 'డాక్టర్' ఉంటే ఏం చదివారో అడగండి. ఎంబీబీఎస్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. కండలు అర్హత కాదు.

• సలహా చివర ప్రోటీన్ పొడి డబ్బా అమ్మితే ఆగండి. మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు సుమారు 0.8 గ్రాముల ప్రోటీన్ చాలు. అంటే 60 కిలోలవారికి 50 గ్రాముల లోపే. 30 గ్రాముల వేరుశనగ గింజల్లో 7 గ్రాములు దొరుకుతుంది, మన సీమలో వాటికి కరువా? కొనక తప్పదంటే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు, గడువు తేదీ చూడండి. లేబుల్ లేని పొడి, పేరు చెప్పని ఇంజెక్షన్ వద్దే వద్దు, స్టెరాయిడ్లు ఉండొచ్చు.

• ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారు సంగటి, అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోతుంది: చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. "మాత్రలు ఆపెయ్ అన్నా, నేను చూసుకుంటా" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

• నెలకు పది కిలోలు తగ్గిస్తానంటే నమ్మొద్దు. వారానికి అర కిలో, మహా అయితే కిలో.

• మీ జబ్బులు, మందులు అడక్కుండా ఇచ్చిన చార్ట్ అందరికీ పంచే కాగితమే.