ఆదివారం ఒక్కరితోనే

మా అమ్మాయిలకి తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. ఇద్దర్నీ కలిపి ఎక్కడికి తీసుకెళ్లినా బండి మీద ముందు ఎవరు కూర్చోవాలి అన్న దగ్గర మొదలైన గొడవ ఇంటికొచ్చేదాకా ఆగేది కాదు, పెద్దదైతే మెల్లగా నాతో కబుర్లు చెప్పడమే మానేసింది. నాకు చాలా బాధేసింది.

అందుకే ఒక ఆదివారం ఒకరు, తర్వాతి ఆదివారం ఇంకొకరు అని పెట్టుకున్నాం. ఎక్కడికో వాళ్లే చెప్పాలి, నా ఫోన్ జేబులోంచి బయటికి రాకూడదు. మొదటిసారి చిన్నది ఒకటే ఏడుపు. క్యాలెండర్‌లో తన ఆదివారం చుట్టూ ఎర్ర పెన్నుతో తనచేతే సున్నా చుట్టించాక ఊరుకుంది.

దానికి కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కితే చాలు. ముక్తేశ్వరం వైపు దిగి, మళ్లీ పంటులోనే వెనక్కి, దారంతా నా చొక్కా అంచు వదలకుండా నీళ్లు చూస్తుంది.

పెద్దదాన్ని ధవళేశ్వరం తీసుకెళ్లాను. కాటన్ దొర మ్యూజియం చూసి, 1852లో పూర్తయిన పాత ఆనకట్ట గురించి నేను చెబుతుంటే వింటూ వింటూ, ఉన్నట్టుండి "నాన్నా, నాకు లెక్కల క్లాసంటే భయం" అంది. ఎన్నాళ్లనుంచో లోపలే దాచుకుందట! నేను సలహాలేమీ చెప్పలేదు, చెయ్యి పట్టుకుని మొత్తం విన్నాను. ఇప్పుడు రోజూ రాత్రి పావుగంట లెక్కలు కలిసి చేస్తున్నాం.

ఇంట్లో గొడవలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. ఈ ఆదివారం పెద్దదాని వంతు, కడియం నర్సరీలో గులాబీ మొక్క కొనాలట.