అక్టోబర్‌ఫెస్ట్‌కు వెళ్లే ముందు జాగ్రత్తలు

- జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగే ఈ బీరు పండుగ సెప్టెంబరులోనే మొదలవుతుంది. తేదీలు చూశాకే ప్రయాణ టికెట్లు కొనండి.
- పెద్ద బ్యాగు గదిలోనే పెట్టేయండి. 3 లీటర్లకు మించితే లోపలికి రానివ్వరు. గాజు సీసాలూ కుదరవు.
- మైదానంలోకి ప్రవేశం ఉచితమే. టెంటులో మాత్రం కూర్చునే చోటు దొరికితేనే బీరు ఇస్తారు. శనివారమైతే పొద్దున్నే చేరుకోండి.
- నగదు ఉంచుకోండి.
- అన్నిటికన్నా ముఖ్యం: ఒక్కో గ్లాసు 1 లీటరు, ఆల్కహాల్ దాదాపు 6 శాతం. మన 650 మి.లీ. సీసా అలవాటుతో లెక్క వేయకండి. ముందు కడుపు నిండా తినండి, మధ్యలో నీళ్లు తాగండి. పక్కవాళ్లు ఎంత బలవంతపెట్టినా మీ హద్దు మీదే.
- గ్లాసు నచ్చితే కొనుక్కోండి. బల్ల మీదిది పట్టుకెళ్తే దొంగతనమే.
- తిరుగు ప్రయాణం మెట్రోలోనే. తాగి ఇ-స్కూటర్ నడిపినా లైసెన్సు పోవచ్చు.