‘కన్యేనా?’ అని అడిగితే జవాబు ఎలా చెప్పాలి

అవును, కాదు అనే ముందు అడిగేది ఎవరో, ఎందుకో చూసుకోండి. మాట ఒకటే, అర్థాలు నాలుగైదు. ‘దశవర్షా భవేత్ కన్యా’ అన్నచోట కన్య అంటే పదేళ్ల పిల్ల. కన్యాదానంలో పెళ్లికాని కూతురు. పంచకన్యల్లో అహల్య, తార, మండోదరి ముగ్గురూ పెళ్లయినవాళ్లే! నేటి వాడుకలో సంభోగం ఎరగని అమ్మాయి. అందులోనూ కొందరికి యోనిలో ప్రవేశం జరిగితేనే లెక్క, కొందరికి అంతకు ముందువన్నీ లెక్కే. ఇద్దరు ఆడవాళ్ల సంబంధానికి ఆ మొదటి కొలత పనికే రాదు. బలవంతంగా జరిగినదాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

డాక్టరు దగ్గర ఈ మాట అసలు వాడొద్దు. అక్కడ ‘పెళ్లయిందా?’ అని అడిగితే తరచూ దాని అర్థం ‘సంభోగం జరిగిందా?’ అనే. తోడు వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, ఏం జరిగింది, ఎప్పుడు, కండోమ్ వాడారా, చివరి నెలసరి ఏ తేదీన మొదలైంది, ఈ నాలుగూ చెప్పండి. ప్రవేశం జరగలేదంటే స్కానింగ్ మామూలుగా పొట్టమీద నుంచే చేస్తారు. దానికి గంట ముందు లీటరు దాకా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని వెళ్లాలి.

ఎక్కువమంది పొరబడేది ఒక్కచోట. ‘లోపలికి వెళ్లలేదుగా’ అని ఏమీ జరగలేదనేస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ చర్మం రాపిడితోనూ అంటుతుంది. యోని ద్వారం దగ్గర వీర్యం పడితే అరుదుగానైనా గర్భం రావచ్చు. నెలసరి తప్పగానే టెస్ట్ చేసుకోండి. తేదీలు సరిగా రానివాళ్లు కలిసిన 21 రోజులకు చేసుకోవాలి.

పెళ్లి సంబంధంలో అడిగితే, ‘మీకు దేని గురించి భయం?’ అని తిరిగి అడగండి. జబ్బుల భయమైతే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు ఇద్దరూ చేయించుకోవాలి. ఈమధ్యే ఎవరితోనైనా కలిసి ఉంటే మూడు నెలలకు హెచ్ఐవీ పరీక్ష మళ్లీ చేయాలి. పాత ప్రేమల గురించైతే అది ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన సంగతి, పెద్దలు కూర్చుని తేల్చేది కాదు. అబ్బాయిని ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎంతమంది?

సర్టిఫికెట్ తెమ్మంటే మాత్రం ఒప్పుకోవద్దు. కన్నెపొర ద్వారాన్ని మూసే మూత కాదు, అంచు చుట్టూ సాగే పల్చని పొర. పూర్తిగా మూసుకుపోతే నెలసరి రక్తమే బయటికి రాదు, ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కలయిక తర్వాత కూడా అది చిరగకుండా ఉండొచ్చు, తొలిరాత్రి రక్తం రాకపోవచ్చు. కన్య అవునో కాదో చూసి చెప్పగల పరీక్ష లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అత్యాచార కేసుల్లో యోనిలో వేళ్లు పెట్టి చూసే ‘రెండు వేళ్ల పరీక్ష’ను సుప్రీంకోర్టు 2013లో తప్పుబట్టింది. చేసినవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని 2022లో తేల్చింది. ఇంట్లోవాళ్లు బలవంతంగా పరీక్షకు తీసుకెళ్తుంటే 181కి ఫోన్ చేయండి.