కంప్రెషన్ సాక్సులు తొడిగే ముందు

దూరపు పరుగుల సాధన మొదలుపెట్టే రోజుల్లో చాలామంది కాళ్లను బిగించి పట్టి ఉంచే కంప్రెషన్ సాక్సులు, టైట్స్ కొంటుంటారు. కొనుక్కోవచ్చు. వేగం పెరుగుతుందన్న ఆశతో మాత్రం వద్దు, ఆ తేడా దాదాపు కనిపించదు. వాటి మేలు పరుగు అయ్యాక తెలుస్తుంది. గట్టి సాధన తర్వాత రెండు మూడు రోజులు వేధించే కండరాల నొప్పి కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. అదీ కొలత కుదిరితేనే.

మొదటిసారి వేసుకున్నప్పుడు నా సాక్సు మోకాలి కిందికి జారుతూ ఉంటే పై అంచును రెండు మడతలు పెట్టాను. గంటన్నర పరిగెత్తి విప్పి చూస్తే పిక్క చుట్టూ ఎర్రటి గాడి పడింది, పాదం తిమ్మిరెక్కింది. ఈ సాక్సు చీలమండ దగ్గర బాగా బిగుతుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా ఉండేలా అల్లుతారు. రక్తం గుండెవైపు సాఫీగా వెళ్లడానికే ఆ ఏర్పాటు. పైన మడత పెడితే అదంతా తలకిందులవుతుంది, పిక్కకు తాడు కట్టినట్టే. జారుతోందంటే సైజు తప్పని అర్థం, మార్చుకోండి.

బూట్ల సైజును బట్టి కొనవద్దు. కాళ్లలో వాపు చేరకముందే, ఉదయం లేచాక టేపుతో చీలమండ పైన అతి సన్నగా ఉన్నచోట, పిక్క అతి లావుగా ఉన్నచోట చుట్టుకొలత తీసుకుని తయారీదారు ఇచ్చిన పట్టికతో సరిచూసుకోండి. పెట్టె మీద ఒత్తిడిని బీపీ లాగే పాదరసం మిల్లీమీటర్లలో రాస్తారు. మామూలు వాడకానికి 15–20 చాలు. 30 దాటినవి వైద్యుడు చెబితేనే వాడాలి.

కాళ్ల ధమనులు సన్నబడినవారు, గుండె వైఫల్యం ఉన్నవారు, కాలి చర్మం మీద పుండ్లు, ఇన్ఫెక్షన్ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా తొడగవద్దు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారి గురించి నాకు మరీ భయం. సాక్సు బిగుసుకుపోయినా వారికి తెలియదు.

వేళ్లు బయటికి కనిపించే రకమైతే, తొడుక్కున్నాక కాలి బొటనవేలి గోరును గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, వేళ్లు నీలంగా, చల్లగా మారినా, మంట, తిమ్మిరి మొదలైనా వెంటనే విప్పేయండి. పోటీ రోజున కొత్త జత వేసుకోవద్దు, సాధనలో నాలుగైదు సార్లు వాడి చూడండి. ఎండలో ఒంటినిండా బిగుతు దుస్తులతో పరిగెత్తితే ఒంటి వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. వైద్యుడు చెప్పకుండా రాత్రంతా తొడుక్కుని పడుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, నొప్పిని సాక్సు కింద దాచవద్దు. సాధన వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, పిక్క నొక్కితే నొప్పి పుడుతుంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. సుదీర్ఘ ప్రయాణం చేసి వచ్చినవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కఠిన సాధన తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా అంతే. కండరాలు దెబ్బతిని కిడ్నీలకు ముప్పు తెచ్చే స్థితి అది.

వాడిన ప్రతిసారీ చల్లటి నీటిలో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. తొడగడం మునుపటికన్నా తేలికైపోయిందంటే ఎలాస్టిక్ సాగిపోయినట్టే, కొత్త జత తీసుకోండి.