టీవీ మీదికి ఎగబడే కుక్కకు

విజయనగరంలో మా ఇంటి కుక్క రాజు, టీవీలో కుక్క మొరిగితే చాలు, తెర మీదికి దూకేవాడు. సిరిమానోత్సవం ప్రత్యక్ష ప్రసారంలో డప్పులు మోగితే మంచం కింద దూరేవాడు. కసిరితే ఇంకా రెచ్చిపోయేవాడు. పాపం, మనమూ తనతో కలిసి అరుస్తున్నామనుకునేవాడేమో!

మాకు పనిచేసింది ఇది. ఫోనులో కుక్క అరుపును చాలా చిన్నగా వినిపించండి. చెవులు నిక్కించిన క్షణంలోనే, మొరగకముందే, ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. నిమ్మళంగా ఉంటేనే శబ్దం కొంచెం పెంచండి. మొరిగిందంటే మనం తొందరపడ్డామన్నమాట, మళ్ళీ తగ్గించండి. మా వాడికి మూడు వారాలు పట్టింది.

మనకు వినపడనంత కీచు శబ్దాలు కూడా కుక్కకు వినిపిస్తాయి: అది సుమారు 45,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దాకా వినగలదు, మనం 20,000 దాకానే. పాత డబ్బా టీవీ బొమ్మ దాని కంటికి మిణుకుమిణుకుమనేది. ఇప్పటి తెరల మీద కదలిక సాఫీగా కనిపిస్తుంది, ఎగబడటానికి అదీ ఒక కారణం.

భయపడి దాక్కునే కుక్కను మాత్రం టీవీ ముందు బలవంతంగా కూర్చోబెట్టకండి. పక్క గదిలో దాని గోనెపట్టా పరిచి, తలుపు తెరిచి ఉంచండి.