నవ్వు రాని స్టాండప్ కమెడియన్ మీద టీవీ కామెడీ ఎపిసోడ్ రాయాలంటే

కాగితం మీద పెన్ను పెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీ కమెడియన్‌కి ఎందుకు కలిసి రావట్లేదు? ఛాన్సులు లేవు, డబ్బు లేదు, ఇంట్లో ఒప్పుకోవట్లేదు అని రాసుకుంటే సరిపోదు, ఆ మూడూ ఓపెన్ మైక్‌లో, అంటే పేరిచ్చిన ఎవరైనా స్టేజ్ ఎక్కగలిగే షోలో, వరసగా కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఉంటాయి. నా లెక్కలో కారణం ఒకటే ఉండాలి. ఆ మనిషి స్టేజ్ మీద చెప్పాల్సిన అసలు మాట ఒకటి ఉంది, అది చెప్పకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు, జోకు పేలకపోవడానికి అదే కారణం. ఆ మాటేంటో మీకు తెలిస్తే ఎపిసోడ్ సగం రాసేసినట్టే. తెలియకపోతే మాత్రం ఎన్ని సీన్లు రాసినా కమెడియన్ కష్టాల చిట్టా అవుతుంది కానీ కథ అవదు.

కష్టం అంటే పేదరికమే అనుకోకండి. 'క్రాషింగ్' అనే అమెరికన్ టీవీ సిరీస్ (2017–2019, మూడు సీజన్లు) లో కమెడియన్ అయిన హీరోకి పెళ్ళి చెడిపోయింది, ఉండటానికి ఇల్లు లేదు, వేరే కమెడియన్ల ఇళ్ళలో సోఫాల మీద పడుకుంటూ, కాసేపు మైక్ దొరుకుతుందని వీధిలో నిలబడి షో కరపత్రాలు పంచుతాడు. బీబీసీలో వచ్చిన 'లెడ్ బెలూన్' (2006–2011) లో కమెడియన్ రిక్ స్ప్లీన్‌కి ఇల్లుంది, కుటుంబముంది, పని కూడా దొరుకుతోంది, కానీ తనకి రావాల్సినంత గుర్తింపు రాలేదన్న కడుపుమంట, పరువు కోసం ఒక చిన్న అబద్ధం, దాన్ని కాపాడటానికి ఇంకొకటి. రెండూ నడుస్తాయి. రెండింటిలో మీకు లోపలి నుంచి తెలిసిన కష్టం ఏదో అదే ఎంచుకోండి.

నా మాటకి రుజువు కావాలంటే 'ద మార్వెలస్ మిసెస్ మైజెల్' అనే అమెరికన్ సిరీస్ మొదటి సీజన్ చూడండి. కథ 1958 న్యూయార్క్‌లో మొదలవుతుంది. భర్త వదిలేసి వెళ్ళిన రాత్రి హీరోయిన్ మిడ్జ్ తాగేసి, ఏ ప్లానూ లేకుండా స్టేజ్ ఎక్కి తన కాపురం గురించి మాట్లాడితే హాలు ఊగిపోతుంది. అదే మిడ్జ్ తర్వాత ఒక రచయిత దగ్గర డబ్బిచ్చి జోకులు కొనుక్కుని చెబితే ఒక్కటి పేలదు. అదే మనిషి, అదే నోరు, కానీ ఆ మాటలు ఆమెవి కావు.

ఇక పని మొదలుపెడదాం. నేనైతే కథ కంటే ముందు జోకు రాస్తాను. ఎపిసోడ్ మొత్తానికి ఒక్కటే జోకు, మూడు రూపాల్లో. మొదటిది పేలనిది, రెండోది కాస్త పేలేది, మూడోది అసలు మాట బయటపడేది. ఈ మూడూ దొరికితే మధ్యలో ఏం జరగాలో వాటంతట అవే చెబుతాయి.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. ఫెయిలవుతున్న కమెడియన్ కదా అని కావాలని చెత్త జోకు రాసిస్తారు. అప్పుడు చూసేవాళ్ళు 'ఈ మనిషి ఇదెందుకు చేస్తున్నాడు, మానేయొచ్చు కదా' అనుకుంటారు, అక్కడితో ఎపిసోడ్ చచ్చిపోతుంది. మొదటి రూపం చెత్తగా ఉండకూడదు, పచ్చిగా ఉండాలి. లోపల ఏదో ఉందని చూసేవాళ్ళకి తెలియాలి, చెప్పే మనిషికే ఇంకా దొరకలేదనిపించాలి.

ఉదాహరణకి మన కమెడియన్ ఒక అమ్మాయి అనుకుందాం. పగలు ఒక క్లినిక్‌లో రిసెప్షన్ డెస్క్, రాత్రి ఓపెన్ మైక్‌లు. తండ్రి మీద ఒక జోకు ఉంది. మొదటి రూపం ఇది:

"మా నాన్న ఫోన్‌లో చాలా గట్టిగా మాట్లాడతారండి. అంటే మామూలుగా కాదు, ఎంత గట్టిగా అంటే, పక్కింటి వాళ్ళకి, ఆ పక్కింటి వాళ్ళకి, అందరికీ వినిపిస్తుంది, అంత గట్టిగా అన్నమాట."

చూడండి, 'గట్టిగా' అని మూడుసార్లు చెప్పింది, చివరికి తెలిసిందీ అదే. సెటప్ (జోకుకి రంగం సిద్ధం చేసే మాటలు) ఉంది, పంచ్ (చివర్లో నవ్వు తెప్పించే మాట) లేదు. రెండో రూపంలో ఆమె కోత పెడుతుంది:

"మా నాన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే అవతలి వాళ్ళకి ఫోన్ అవసరం లేదు."

దీనికి నవ్వొస్తుంది. కానీ ఇది ఎవరి నాన్న గురించైనా చెప్పొచ్చు. మూడోది రావాలంటే ఆమెకి ఏదో తెలియాలి, ఆ తెలియడమే మీ కథ. నాన్న గట్టిగా మాట్లాడేది అలవాటు వల్ల కాదు, ఆయనకి వినికిడి తగ్గిపోతోంది, ఎవరికీ చెప్పట్లేదు. ఇన్నాళ్ళూ ఆమె నవ్వించాలనుకున్నది దాని మీద. మూడో రూపం చివర్లో చెబుతాను, ఎందుకంటే ఎపిసోడ్‌లో కూడా దాని చోటు అదే.

ఇప్పుడు బాంబ్ అయ్యే సీన్. స్టేజ్ మీద ఒక్కటీ పేలకపోవడాన్ని కమెడియన్లు అనే మాట అదే. దీన్ని టీవీలో ఎక్కువగా తప్పుగానే చూస్తాం. జనం అరవడం, ఏదో విసరడం, మైక్ లాక్కోవడం. నిజానికి ఓపెన్ మైక్‌లో అంత జరగదు. నేను వెనక వరసలో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుని విన్నది చెబుతున్నాను: నిశ్శబ్దం పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు, ఏసీ హోరు వినిపిస్తుంది, ఎవరో గ్లాసు బల్ల మీద పెడతారు, ఒక కుర్చీ కిర్రుమంటుంది, ముందు వరసలో ఒకావిడ జాలితో నవ్వడానికి ప్రయత్నిస్తుంది, ఆ జాలి నవ్వు ఏ అరుపు కంటే కూడా ఎక్కువ బాధపెడుతుంది. స్టేజ్ మీద మనిషి వేగం పెంచుతాడు. జోకుని వివరించడం మొదలుపెడతాడు. అరచేతిలో రాసుకున్నది చూసుకుంటాడు. టైమ్ అయిపోవస్తోందని వెనక నుంచి లైట్ చూపిస్తారు, చాలా చోట్ల ఆఖరి నిమిషానికి, బాంబ్ అవుతున్న వాళ్ళకి ఆ ఒక్క నిమిషం గడవదు. మైక్ స్టాండ్ సంగతి కూడా గమనించండి. అలవాటున్న వాళ్ళు మైక్ తీసుకోగానే స్టాండ్‌ని వెనక్కో పక్కకో జరిపేస్తారు, టెన్షన్‌లో ఉన్నవాళ్ళు మర్చిపోతారు, ఐదు నిమిషాలూ ఆ కడ్డీ వాళ్ళకీ జనానికీ మధ్య అడ్డంగా నిలబడే ఉంటుంది. డైలాగ్ రాయకుండానే భయం చూపించొచ్చు.

మన అమ్మాయి మొదటి సెట్‌లో, అంటే స్టేజ్ మీద తనకి దొరికిన ఐదు నిమిషాల్లో, ఒక అపస్వరం పెట్టండి. ఆమె ఇంకా సెటప్‌లోనే ఉంది, చీకట్లో వెనక నుంచి ఎవరో పెద్దగా నవ్వారు. తప్పు చోట. లయ తెగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ తప్పు చోట నవ్వు. ఒళ్ళు మండి, "పంచ్ ఇంకా రాలేదు సార్, వచ్చాక చెబుతాను" అంది. హాలంతా నవ్వింది. ఆ రాత్రి ఆమెకి దొరికిన నవ్వు అదొక్కటే, అది కూడా ఎవరో తెలియని మనిషిని చులకన చేసి తెచ్చుకున్నది.

తర్వాతి సీన్‌కి కమెడియన్ల నిజమైన అలవాటు ఒకటి వాడుకోండి. చాలామంది తమ సెట్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటారు, ఏ మాటకి నవ్వొచ్చింది, ఎక్కడ చల్లబడింది వినడానికి. మన అమ్మాయి దిగిపోయిన కంగారులో రికార్డింగ్ ఆపడం మర్చిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఐదు నిమిషాల సెట్‌కి నలభై నిమిషాల ఫైల్. తన నిశ్శబ్దం తను వింటుంది, ఆ తర్వాత ఎక్కినవాడికి హాలు పగిలిపోయేలా వచ్చిన నవ్వులు కూడా. వెనక్కి జరిపి ఆ తప్పు నవ్వు మళ్ళీ వింటుంది. ఇంకోసారి. ఇయర్‌ఫోన్స్ చెవిలోకి నొక్కుకుని ఇంకోసారి. అది నాన్న నవ్వు. చెప్పకుండా వచ్చి వెనక కూర్చున్నారు, మాటలు వినిపించక, కూతురి మొహం చూసి ఎక్కడ నవ్వాలో ఊహించుకుని నవ్వారు.

ఈ సీన్‌లో ఆమె చేత ఒక్క మాట కూడా మాట్లాడించకండి. ఏడిపించకండి కూడా. ఫోన్ తెర మీద శబ్దం గీతలు ఎక్కడ లేచాయో ఆ చోట వేలు ఆగి ఉంటే చాలు.

మిగతా పాత్రల గురించి ఎక్కువ చెప్పను. ముగ్గురు సరిపోతారు: పేర్ల లిస్టు చేతిలో ఉన్న హోస్ట్, మన అమ్మాయితో పాటే మొదలుపెట్టి ముందుకెళ్ళిపోయిన స్నేహితుడు, ఏళ్ళ తరబడి ప్రతి వారం వచ్చే పెద్దాయన. ఒక్కటి గుర్తుంచుకోండి, కమెడియన్లు ఒకరి జోకుకి ఒకరు పగలబడి నవ్వరు. మొహం కదలకుండా "ఆ, అది బాగుంది" అంటారు, వాళ్ళ లోకంలో అది పెద్ద సర్టిఫికెట్. అందరూ అన్ని సీన్లలో పంచ్‌లు వేస్తుంటే స్టేజ్‌కీ బయటికీ తేడా పోతుంది. క్లినిక్ సీన్లలో నవ్వు పరిస్థితి లోంచి రానివ్వండి. పంటి నొప్పితో వచ్చిన మనిషికి ఆమె తన జోకు వినిపించి చూస్తోంది, ఆయన నవ్వలేడు, దవడ వాచింది. ఇలాంటివి.

ఇక ఫార్మాట్. సినిమాలా సింగిల్ కెమెరానా, లేక ఎదురుగా ప్రేక్షకులని కూర్చోబెట్టి మల్టీ కెమెరానా అన్నది ఈ కథకి చాలా పెద్ద ప్రశ్న. కథలోనే ఒక ఆడియన్స్ ఉంది, వాళ్ళు నవ్వట్లేదు. దాని మీద సిట్‌కామ్ నవ్వు కూడా పడితే ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలియదు. 180 ఎపిసోడ్లు నడిచిన 'సైన్‌ఫెల్డ్' (1989–1998) మల్టీ కెమెరా సిట్‌కామే, మొదట్లో క్లబ్‌లో స్టాండప్ ముక్కలు వేసేవారు, చివరి రెండు సీజన్లలో వాటిని దాదాపు మానేశారు, అయినా చక్కగా నడిచింది. అయితే అక్కడ కమెడియన్ అయిన హీరో జెర్రీ ఫెయిలవుతున్న మనిషి కాదు, స్టేజ్ మీద ఆయన మాటలకి నవ్వు వస్తుంది. మీ అమ్మాయికి రావట్లేదు కాబట్టి నా సలహా సింగిల్ కెమెరాయే, నవ్వు ట్రాక్ లేకుండా. ప్రకటనలు పోగా అరగంట స్లాట్‌లో దాదాపు 22 నిమిషాలు మిగులుతుంది, పేజీకి నిమిషం కంటే కాస్త తక్కువే పడుతుందని లెక్కేసుకుని స్క్రిప్ట్ 30 పేజీలు దాటనివ్వకండి. స్టేజ్ మీద ఒకే బిగిన నిమిషన్నర కంటే ఎక్కువ ఉంచొద్దు. హాల్లో మనుషుల మధ్య కూర్చుని వినడం వేరు, ఇంట్లో సోఫాలో ఒక్కరే చూడటం వేరు, తెర మీద స్టాండప్ త్వరగా పలచబడుతుంది.

షూటింగ్ దాకా వెళ్తే ఆడియన్స్‌గా కూర్చునే వాళ్ళకి జోకులు ముందే వినిపించకండి. మొదటి టేక్‌లో కెమెరాని వాళ్ళ మొహాల మీద పెట్టండి, నిజమైన నవ్వు దొరికేది అప్పుడే. పదో టేక్‌లో నవ్వమంటే నటిస్తారు.

డ్రాఫ్ట్ అయ్యాక నలుగురిని కూర్చోబెట్టి పాత్రలు పంచి పైకి చదివించండి. మీరు మాత్రం చదవకండి, పెన్సిల్ పట్టుకుని వినండి. నవ్వినచోట గీత, కాగితం తిప్పడం కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించినచోట చుక్క. చుక్క పడిన చోట కొత్త జోకు ఇరికించాలనిపిస్తుంది, ఇరికించకండి, చాలాసార్లు అంతకు ముందు పేజీలో ఏదో ఎక్కువ చెప్పేసి ఉంటారు, అది తీసేయండి. మేము ఇలా పైకి చదివించినప్పుడు ఒకసారి, తండ్రి పాత్ర చదువుతున్నాయన తన డైలాగ్ దగ్గరికొచ్చి ఆగిపోయి "ఇది ఈయన అనడు" అన్నాడు. ఆ డైలాగ్‌లో తండ్రి తన గురించి తాను జాలిపడతాడు. కొట్టేశాం, సీన్ నిలబడింది.

చివరి సెట్‌కి వద్దాం. అదే హాలు, అదే ఐదు నిమిషాల స్లాట్, ఈసారి జనం ఇంకా తక్కువ. నాన్నని ముందు వరసలో కూర్చోబెట్టింది, తన మొహం, పెదాలు ఆయనకి కనిపించేలా. మైక్ తీసుకుంది, స్టాండ్ పక్కకి జరిపింది. మూడో రూపం:

"మా నాన్నకి చెవులు సరిగ్గా వినిపించట్లేదట. మొన్న ఫోన్ చేసి చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. అవసరం రాలేదు."

'వీధి చివరిదాకా వినిపించింది' అని ఇంకో వాక్యం రాయాలని చెయ్యి లాగుతుంది. రాయకండి, ఆ వాక్యం జనం తమలో తాము పూర్తిచేసుకుంటారు, నవ్వు అక్కడే పుడుతుంది. చప్పట్లతో హాలు లేచి నిలబడాల్సిన పని కూడా లేదు, పదిహేను మంది నిజంగా నవ్వితే చాలు. ఇదంతా స్టేజ్ మీదకి తెచ్చే ముందు ఆమె నాన్నని అడిగిందా లేదా అన్నది ముందు సీన్‌లో తేల్చండి, అడగకుండా చెబితే జోకు ఎంత బాగున్నా చూసేవాళ్ళకి ఆమె మీద ప్రేమ పోతుంది. నేనైతే ఒక కాగితం మీద ఆ జోకు రాసి ఆయన ముందు పెట్టిస్తాను, ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని చదివి, ఒక మాట దిద్ది వెనక్కి ఇస్తారు.

జోకు పడ్డాక కెమెరా ఆమె మీద ఉంచకండి. నాన్న మీద పెట్టండి. హాలు నవ్వుతుంది, ఆయన పక్కవాళ్ళ వైపు ఒకసారి చూస్తారు, తర్వాత కూతురి వైపు, అప్పుడు నవ్వుతారు, అందరి కంటే ఒక క్షణం ఆలస్యంగా, అందరి కంటే గట్టిగా. కట్.